ఖాళీ ఇళ్ళ రేటు – రెండో ఇళ్ళు అధికంగా ఉన్న ప్రాంతాలు

ఒక ప్రాంతంలోని మొత్తం ఇళ్ళలో ఎవరూ కాపురం లేనివి నూటికి ఎన్ని ఉన్నాయో తెలిపే సంఖ్యను ఖాళీ ఇళ్ళ రేటు అంటారు. ఒక కుటుంబం స్థిరంగా నివసించే ఇల్లు కాక, అదే కుటుంబం అధీనంలో ఉండి ఏడాదిలో కొద్ది రోజులో కొద్ది వారాలో మాత్రమే వాడుకలోకి వచ్చే ఇల్లు రెండో ఇల్లు. రెండో ఇళ్ళు ఎక్కువగా ఉన్న చోట ఖాళీ ఇళ్ళ రేటు పెద్దదిగా కనిపిస్తుంది. అయితే ఆ ఇళ్ళు అద్దెకూ అమ్మకానికీ రావు కనుక, రేటు ఎంత పెద్దదైనా ఇల్లు వెతుక్కునేవారికి దాని వల్ల ఒరిగేది ఉండదు. తెలుగు నేలపై ఈ స్థితి ముఖ్యంగా మూడు చోట్ల కనిపిస్తుంది. మొదటిది హైదరాబాదు నడిబొడ్డున ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట, పంజగుట్ట వంటి పాత కాలనీల్లో సొంతదారులు విదేశాల్లో ఉన్నందువల్ల తాళం పడిన ఫ్లాట్లు. రెండోది నగరానికి పడమటి దిక్కున వెలసిన తోట ఇళ్ళు. మూడోది నగరవాసులు పండుగలకు మాత్రమే తెరిచే ఊరి ఇళ్ళు.

నిర్వచనాలు

భారత జనగణన 'ఇల్లు' అన్న మాటను సాధారణ వాడుక కన్నా విశాలంగా తీసుకుంటుంది. వీధి నుంచి గాని, ఉమ్మడి ఆవరణ నుంచి గాని, మెట్ల నుంచి గాని వేరుగా ప్రధాన ద్వారం ఉండి ప్రత్యేక భాగంగా గుర్తించదగిన కట్టడమో, కట్టడంలోని భాగమో జనగణన గృహం అవుతుంది. అందువల్ల దుకాణం, బడి, గుడి, ఆసుపత్రి కూడా జనగణన గృహాలే. ఇళ్ళ జాబితా తయారుచేసే సమయంలో ఎవరూ నివసించకుండా, మరే పనికీ వాడకుండా ఉన్న గృహాన్ని 'ఖాళీ' అని రాస్తారు. కుటుంబం తాత్కాలికంగా ఊరికి వెళ్ళినందువల్ల మూసి ఉందని ఇరుగుపొరుగువారి ద్వారా తెలిసిన గృహం 'తాళం వేసినది', అంటే నివాసం ఉన్నదే అవుతుంది. ఈ రెంటి నడుమ ఉన్న గీత చాలా సన్ననిది. అమెరికాలో ఉండే దంపతులు రెండేళ్ళకోసారి వచ్చి నెల రోజులుండే ఫ్లాటు గీతకు ఏ వైపున పడుతుందన్నది పక్కింటివారు చెప్పే మాటమీద ఆధారపడుతుంది.

ఖాళీ ఇల్లు, అమ్ముడుపోని ఇల్లు ఒకటి కావన్నది ఈ రంగంలో తరచుగా మరుగున పడే విషయం. నిర్మాణ సంస్థ చేతిలో మిగిలిపోయిన ఫ్లాటు అమ్ముడుపోని సరుకు. అమ్ముడై, రిజిస్ట్రేషనై, ఎవరూ చేరని ఫ్లాటు ఖాళీ ఇల్లు. స్థిరాస్తి వ్యాపార నివేదికలు మొదటిదాన్ని లెక్కిస్తాయి, జనగణన రెండింటినీ కలిపి లెక్కిస్తుంది.

లెక్కకట్టే పద్ధతి

ఖాళీ ఇళ్ళ సంఖ్యను మొత్తం ఇళ్ళ సంఖ్యతో భాగించి వందతో హెచ్చిస్తే స్థూల ఖాళీ రేటు వస్తుంది. హారంలో దేన్ని పెట్టాలన్నదే చిక్కు. 2011 జనగణన ప్రకారం దేశంలో 33 కోట్లకు పైగా జనగణన గృహాలుండగా సుమారు 2.47 కోట్లు ఖాళీగా ఉన్నాయి. పట్టణాల్లో 11.01 కోట్ల గృహాలకు 1.11 కోట్లు ఖాళీ కనుక రేటు దాదాపు 10 శాతం. ఆ 11.01 కోట్లలో దుకాణాలూ కార్యాలయాలూ కూడా ఉన్నందువల్ల, వాటిని తీసివేసి నివాసగృహాలతో మాత్రమే పోల్చినప్పుడు అదే ఖాళీల సంఖ్య 12 శాతం దాటుతుంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక సర్వే 2017–18లో పట్టణ గృహసంపదలో ఖాళీ ఇళ్ళు సుమారు 12 శాతమని చెప్పినది ఈ రెండో పద్ధతిలోనే. ఒకే గణన నుంచి రెండు రేట్లు వస్తున్నందున, హారం తెలియని శాతాన్ని మరో ప్రాంతపు శాతంతో పోల్చడం సరికాదు.

స్థూల రేటు కన్నా ఎక్కువ ఉపయోగపడేది అద్దె ఖాళీ రేటు. అద్దెకు సిద్ధంగా ఉన్న ఖాళీ ఇళ్ళను, అద్దెకున్న ఇళ్ళూ అద్దెకు సిద్ధంగా ఉన్న ఇళ్ళూ కలిపిన మొత్తంతో భాగించి దీన్ని కడతారు. ఉదాహరణకు 1,000 ఇళ్ళున్న ఒక కాలనీలో 250 ఖాళీ అనుకుంటే స్థూల రేటు 25 శాతం. ఆ 250లో 200 రెండో ఇళ్ళు, 40 తగాదాల్లోనో మరమ్మతుల్లోనో ఉన్నవి, 10 మాత్రమే టు-లెట్ బోర్డు కట్టినవి అనుకుంటే, అప్పటికే 290 ఇళ్ళలో అద్దెవారు ఉన్నప్పుడు అద్దె ఖాళీ రేటు 300కు 10, అంటే 3.3 శాతమే అవుతుంది. అద్దెవారు మారేటప్పుడు ఇల్లు కొన్నాళ్ళు ఖాళీగా ఉండడం సహజమే కనుక ఏ ప్రాంతంలోనైనా కొంత ఖాళీ అవసరం. గృహ ఆర్థికశాస్త్రంలో దీనికి సహజ ఖాళీ రేటని పేరు; అద్దె ఖాళీ రేటు అంతకన్నా తగ్గితే కొరత ఏర్పడుతుంది. ఈ ఉదాహరణలో నాలుగో వంతు ఇళ్ళు ఖాళీగా ఉన్న కాలనీలోనే అద్దె ఇంటి కొరత నెలకొన్నది, రెండు సంఖ్యలూ నిజమే.

అమెరికా జనగణన సంస్థ ఖాళీ ఇళ్ళను అద్దెకు ఉన్నవి, అమ్మకానికి ఉన్నవి, ఒప్పందం కుదిరి ఇంకా ఎవరూ చేరనివి, రుతువును బట్టి గాని విహారానికి గాని అప్పుడప్పుడు వాడేవి, ఇతరాలు అని విడదీసి ప్రకటిస్తుంది. ఫ్రాన్సు గణాంక సంస్థ ఇంకా ముందుకు వెళ్ళి, ప్రధాన నివాసం, రెండో నివాసం, ఖాళీ ఇల్లు అని వేరువేరు వర్గాలు పాటిస్తుంది. అక్కడ రెండో ఇల్లు ఖాళీ కిందికి రానే రాదు. భారతదేశంలో 2011 జనగణన పట్టికలు ఖాళీకి కారణాన్ని విడదీయలేదు. అందువల్ల శిథిలమైన పెంకుటిల్లూ, తాళం వేసిన మూడు పడకగదుల ఫ్లాటూ ఒకే అంకెలో కలిసిపోయాయి.

చారిత్రక నేపథ్యం

నిజాం కాలపు హైదరాబాదులో రెండో నివాసం సంపన్నుల జీవితంలో భాగమే. నగర ప్రాకారం లోపల దేవిడీలు అనే భవంతులున్న ప్రభువులు నగరం బయట తోటలూ మహళ్ళూ కట్టించుకున్నారు; నేటి అమీర్‌పేట, బేగంపేట, పంజగుట్ట ప్రాంతాలు పాయిగా వంశీకులతోనూ ఇతర కులీనులతోనూ ముడిపడిన అలాంటి వెలుపలి నేలలే. పంజగుట్ట దగ్గర ఎత్తైన నేలమీద నవాబు ఫక్రుల్ ముల్క్ పందొమ్మిదో శతాబ్దంలో కట్టించిన ఎర్రమంజిల్ ఆ కాలపు గుర్తుగా మిగిలింది. పాయిగా ప్రభువు వికారుల్ ఉమ్రా 1884లో నిర్మాణం మొదలుపెట్టిన ఫలక్‌నుమా మహలు తరవాత ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ చేతికి వచ్చి, ఎక్కువగా అతిథి గృహంగానే ఉండి, దీర్ఘకాలం మూతపడి, 2010లో హోటలుగా తెరుచుకుంది.

ఇరవయ్యో శతాబ్దం మధ్యలో ప్రభుత్వ దృష్టి ఇందుకు భిన్నంగా ఉండేది. రాజధానికి తరలివచ్చిన ఉద్యోగులకు ఇళ్ళు చాలని ఆ రోజుల్లో వచ్చిన ఆంధ్రప్రదేశ్ భవనాల (కౌలు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం, 1960 ఇల్లు ఖాళీ అయిన 10 రోజుల్లోగా యజమాని ఆ సంగతిని అధీకృత అధికారికి రాతపూర్వకంగా తెలపాలని విధించింది. ప్రభుత్వానికి అవసరమైతే ఆ ఇంటిని ఉద్యోగులకు కేటాయించవచ్చు. ఖాళీ ఇల్లు యజమాని సొంత వ్యవహారం మాత్రమే కాదని, ఊరికి తెలియవలసిన విషయమని ఈ నిబంధన గుర్తించింది. ఈ అంశానికి సంబంధించి తెలుగు నేలపై వచ్చిన ఆలోచనల్లో ఇది తగినంత గుర్తింపు పొందనిది. తరవాతి కాలంలో అద్దె పరిమితులతో, కొత్త భవనాలకు ఇచ్చిన మినహాయింపులతో ఈ చట్టం పరిధి కుదించుకుపోయింది.

ఎస్.ఆర్. నగర్ పరిసరాలు

నీలం సంజీవరెడ్డి పేరుమీద వెలసిన సంజీవరెడ్డి నగర్, వాడుకలో ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేటకు వాయవ్యాన, సనత్‌నగర్ పారిశ్రామిక వాడకు చేరువలో ఉంది. మియాపూర్–అమీర్‌పేట మెట్రో మార్గం 2017 నవంబరులో మొదలైనప్పటినుంచి కాలనీ పేరుతో ఒక స్టేషను నడుస్తున్నది. ఇక్కడి ఇళ్ళ ఖాళీని అర్థం చేసుకోవడానికి రెండు ప్రవాహాలను కలిపి చూడాలి.

మొదటిది సొంతదారుల వలస. తొలి తరంలో స్థలం కొని ఇల్లు కట్టుకున్న ఉద్యోగుల పిల్లలు 1990ల తరవాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలతో అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా దేశాలకు గాని, నగరంలోనే మాదాపూర్, గచ్చిబౌలి వైపు గాని కదిలారు. పాత ఇంటిని 'డెవలప్‌మెంటు'కు ఇవ్వడం, అంటే బిల్డరు తన ఖర్చుతో అపార్టుమెంటు కట్టి స్థలం సొంతదారుకు ఒప్పుకున్న వాటా ఫ్లాట్లు అప్పగించడం, నగరమంతటా స్థిరపడిన పద్ధతి. అలా ఒకే ఇంటి చోట మూడో నాలుగో ఫ్లాట్లు కుటుంబానికి దక్కుతాయి. ఒకదాంట్లో తల్లిదండ్రులు ఉంటారు, ఒకటి అద్దెకు పోతుంది, విదేశంలో ఉన్న కొడుకుదో కూతురిదో సామానుతో సహా తాళం వేసి ఉంటుంది. రెండో ఇల్లన్న మాట ఇక్కడ విహారాన్ని సూచించదు. తిరిగి వస్తామన్న ఆశ, పెద్దవాళ్ళకు దగ్గరగా ఒక చోటు ఉండాలన్న అవసరం, తరవాతి తరానికి ఆస్తి నిలపాలన్న కోరిక ఈ మూడూ కలిసి ఆ తలుపుకు తాళం వేయిస్తాయి.

రెండోది విద్యార్థుల వలస. అమీర్‌పేటలో మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ కంప్యూటరు శిక్షణ సంస్థలు పెరగడంతో, పోటీ పరీక్షల అభ్యర్థులూ ఉద్యోగం వెతికే పట్టభద్రులూ రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ వచ్చి ఎస్.ఆర్. నగర్, బల్కంపేట, వెంగళరావు నగర్ వీధుల్లో హాస్టళ్ళలో దిగారు. కుటుంబానికి అద్దెకిచ్చే ఇంటి కన్నా మంచానికింత అని వసూలు చేసే హాస్టలుకు ఆదాయం ఎక్కువ కనుక చాలా ఇళ్ళు అలా మారాయి. బంధుత్వం లేనివారు ఒకే వంటశాలపై కలిసి ఉండే ఇలాంటి చోట్లను జనగణన 'సంస్థాగత కుటుంబం'గా వేరుచేస్తుంది. దీని ఫలితంగా ఒకే వీధిలో ఒక అంతస్తున మూడు పడకగదులు ఏడాది పొడవునా మూసి ఉండగా, పక్క భవనంలో ఒక్కో గదిలో నాలుగైదు మంచాలు పడతాయి. సగటు తీసిన ఏ రేటూ ఈ రెండు స్థితులను చూపలేదు.

2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్ మొదలైన వెంటనే ఈ ప్రాంతపు నివాస స్వభావం స్పష్టంగా బయటపడింది. హాస్టళ్ళు ఖాళీ చేయమని నిర్వాహకులు చెప్పడంతో, ఉగాది నాడు, మార్చి 25న, అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్, పంజగుట్ట ప్రాంతాల యువతీయువకులు సొంత ఊళ్ళకు వెళ్ళే అనుమతి పత్రాల కోసం పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. పత్రాలతో బయలుదేరిన వారిలో చాలామందిని ఆంధ్రప్రదేశ్ సరిహద్దున గరికపాడు వద్ద ఆపివేశారు. ఆ తరవాత హాస్టళ్ళు ఎవరినీ బయటికి పంపరాదని తెలంగాణ అధికారులు ఆదేశించారు. శిక్షణ చాలావరకు ఆన్‌లైనుకు మారిన ఆ కాలంలో హాస్టల్ భవనాలకు టు-లెట్ బోర్డులు వేలాడాయి. ఇది రెండో ఇళ్ళ ఖాళీ కాదు, గిరాకీ పడిపోవడం వల్ల వచ్చిన ఖాళీ. గిరాకీ తిరిగిరాగానే తగ్గిపోయేది. విదేశీ సొంతదారు ఫ్లాటు గిరాకీతో నిమిత్తం లేకుండా అప్పుడూ ఇప్పుడూ మూసే ఉంటుంది.

ఊరి ఇళ్ళు

నగరవాసికి పుట్టిన ఊళ్ళోని ఇల్లే చాలా సందర్భాల్లో రెండో ఇల్లు. సంక్రాంతికి ముందు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై పంతంగి టోల్ ప్లాజా వద్ద ఏటా వాహనాలు బారులు తీరడం ఇందుకు ప్రత్యక్ష నిదర్శనం. ఆ నాలుగు రోజులు కోనసీమ, కృష్ణా, గుంటూరు ప్రాంతాల్లో మూసి ఉన్న మండువా ఇళ్ళూ డాబాలూ తెరుచుకుంటాయి. అదే సమయానికి ఎస్.ఆర్. నగర్ వంటి కాలనీల్లో తాళాలు పడతాయి. ఖాళీ రేటును ఏ తేదీన కొలిచారన్నది ఎందుకు ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

తాళం సంపదకు మాత్రమే గుర్తు కాదు. పాలమూరు జిల్లా నుంచి ముంబయి, పూణే నిర్మాణ పనులకు వెళ్ళే కూలీల ఇళ్ళూ, కరీంనగర్, నిజామాబాదు, కడప ప్రాంతాల నుంచి గల్ఫు దేశాలకు వెళ్ళినవారిలో కొందరి ఇళ్ళూ నెలల తరబడి మూసి ఉంటాయి. ఇవి చాలావరకు ఆ కుటుంబాలకున్న ఏకైక ఇళ్ళు. వాటిని రెండో ఇళ్ళతో కలిపి ఖాళీగా చూపడం అన్యాయమైన లెక్క. 2014 ఆగస్టు 19న తెలంగాణ ప్రభుత్వం ఒకే రోజున నిర్వహించిన సమగ్ర కుటుంబ సర్వేకు ఇంట్లో ఉండి వివరాలివ్వాలన్న నియమం వల్ల వలస కుటుంబాలు దూరప్రాంతాల నుంచి ఊళ్ళకు చేరుకున్నాయి, బస్సులూ రైళ్ళూ కిక్కిరిశాయి. ఆ ఒక్క రోజున పల్లెల్లో ఇళ్ళు నిండి, నగరంలో అనేక ఇళ్ళు మూతపడ్డాయి. 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వే 96.9 శాతం కుటుంబాలకు చేరగా, మిగిలినవాటికి చేరకపోవడానికి చెప్పిన కారణాల్లో తాళం వేసిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

శివారు తోట ఇళ్ళు

విహారానికి ఉద్దేశించిన అసలైన రెండో ఇళ్ళు మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ళ వైపు కనిపిస్తాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో నిర్మాణాలను పరిమితం చేస్తూ 1996లో వచ్చిన జి.ఓ. 111 వల్ల అక్కడ పెద్ద కాలనీలకు వీలులేకపోయింది. వారాంతాల్లో వాడే ఫామ్‌హౌసులు ఆ విశాలమైన నేలల్లోనే విస్తరించాయి. ఆ జి.ఓ.ను ఎత్తివేయాలని రాష్ట్ర మంత్రివర్గం 2023 మేలో నిర్ణయించింది.

ఇల్లు ఖాళీగా ఉంచడానికి కారణాలు

భారత నగరాల్లో ఇంటి విలువతో పోలిస్తే వచ్చే అద్దె స్వల్పం. ధర పెరుగుదలే ప్రధాన లాభం కావడంతో, అద్దె పోయినా పెద్ద నష్టంగా తోచదు. అద్దెకు దిగినవారు ఖాళీ చేయరేమోనన్న భయం, కోర్టుల్లో పట్టే కాలం యజమానిని మరింత వెనక్కి లాగుతాయి. ఏడాది మించిన కౌలుకు రిజిస్ట్రేషను తప్పనిసరి చేసిన 1908 నాటి చట్టాన్ని దృష్టిలో ఉంచుకొనే 11 నెలల ఒప్పందం వాడుకలోకి వచ్చింది. అన్నదమ్ముల పంపకాలు తేలకపోవడం, వీలునామా తగాదాలు, కూతురికి పసుపు కుంకుమల కింద ఇవ్వదలచి అట్టిపెట్టడం కూడా కారణాలే. కట్టి, కేటాయింపు కోసం ఎదురుచూసే ప్రభుత్వ ఇళ్ళు మరో కోవకు చెందుతాయి.

ప్రభావాలు

రెండో ఇళ్ళ వల్ల ఎక్కువ నష్టపోయేది కొత్తగా నగరానికి వచ్చిన అద్దెవారు. ప్రయాణ సౌకర్యం, ఆసుపత్రులు, బడులు ఉన్న నడి నగరంలో ఇళ్ళు మూసి ఉండగా వారు దూరపు శివార్లకు పోవలసి వస్తుంది. అపార్టుమెంటు సంఘాలకు ఇది మరో విధంగా పరీక్ష. లిఫ్టు, జనరేటరు, వాచ్‌మన్ జీతం వంటి ఉమ్మడి ఖర్చులు ఇంట్లో ఎవరున్నా లేకున్నా సొంతదారులందరిపైనా పడతాయి. విదేశాల్లో ఉన్నవారి మెయింటెనెన్సు బకాయిలు పేరుకుంటే భారమంతా ఉన్నవారిమీద పడుతుంది. మూసిన ఇళ్ళ సంపుల్లో, ట్యాంకుల్లో నిలిచిన నీరు దోమలకు నెలవవుతుంది. దొంగతనాల నివారణకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు తాళం వేసిన ఇళ్ళ పర్యవేక్షణ వ్యవస్థను ఎల్.హెచ్.ఎం.ఎస్. పేరుతో తెచ్చి, ఊరెళ్ళేవారు ముందుగా తెలిపితే ఇంట్లో కెమెరా అమర్చే ఏర్పాటు చేశారు. మరోవైపు రెండో ఇళ్ళు పల్లెల్లో తాపీ పనివారికీ కాపలాదారులకూ జీవనాధారమవుతున్నాయి, ఊరితో బంధం తెగకుండా నిలుపుతున్నాయి. ఆ ప్రయోజనం నిజమైనదే. నగరంలోని తాళం వేసిన ఫ్లాటు మాత్రం చుట్టుపక్కలవారికి అంతటి ఉపాధి ఇవ్వదు.

చట్టాలు, పన్నులు

ఆదాయపు పన్ను చట్టం చాలాకాలం ఒక్క ఇంటినే సొంత నివాసంగా అంగీకరించి, మిగిలినవి ఖాళీగా ఉన్నా అద్దె వచ్చినట్లే భావించి పన్ను వేసేది. దీన్ని ఊహాత్మక అద్దె అంటారు. 2019 ఆర్థిక చట్టం రెండు ఇళ్ళ వరకు ఈ భారం తొలగించింది, 2025లో అందుకు ఉన్న షరతులను కూడా సడలించారు. అంటే కేంద్ర విధానం రెండో ఇంటిని ఖాళీగా ఉంచుకోవడానికి మునుపటి కన్నా అనుకూలంగా మారింది. స్థానిక ఆస్తిపన్నులో సైతం ఖాళీగా ఉన్న కాలానికి తగ్గింపు కోరే పద్ధతి హైదరాబాదులో చాలాకాలం అమల్లో ఉండేది. యజమానుల భయాన్ని తగ్గించి ఇళ్ళను అద్దెకు రప్పించే ఉద్దేశంతో కేంద్రం 2021లో నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. నివాసాల అడ్వాన్సుకు రెండు నెలల అద్దె పరిమితి అందులో ఉంది.

కొన్ని ఇతర దేశాల దారి దీనికి ఎదురు. స్విట్జర్లాండు ప్రజలు 2012 మార్చి 11న జరిగిన ఓటింగులో ఏ పురపాలికలోనూ రెండో ఇళ్ళు 20 శాతం మించరాదని స్వల్ప ఆధిక్యంతో నిర్ణయించారు. ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్ పట్టణం 2016లో కొత్త ఇళ్ళను స్థిరనివాసులకే పరిమితం చేసింది. కెనడాలోని వాంకూవర్ 2017 నుంచి ఖాళీ ఇంటి విలువపై మొదట 1 శాతం, తరవాత 3 శాతం పన్ను విధించింది. వేల్సులో 2023 ఏప్రిల్ నుంచి స్థానిక సంస్థలు రెండో ఇళ్ళపై పురపన్నుకు అదనంగా 300 శాతం వరకు వేయవచ్చు. జపానులో సమస్య వేరు. అక్కడ 2023 సర్వేలో తేలిన సుమారు 90 లక్షల ఖాళీ ఇళ్ళకు, అంటే 13.8 శాతానికి, జనాభా తరుగుదలే ప్రధాన కారణం.

రాబోయే గణన

తెలంగాణకు సంబంధించి జనగణనలో లభించే చివరి ఖాళీ ఇళ్ళ లెక్క 2010లో, రాష్ట్రం ఏర్పడక మునుపు, మెట్రో రాక మునుపు జరిగిన ఇళ్ళ జాబితా నుంచి వచ్చినది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడి, 2027 మార్చి 1ని ఆధార తేదీగా నిర్ణయించారు. ఇళ్ళ జాబితా దశను 2026 ఏప్రిల్–సెప్టెంబరు మధ్య ఆయా రాష్ట్రాలు ఎంచుకున్న కాలంలో జరిపేలా ప్రకటించారు. జనగణన కోసం ఆగనవసరం లేని దారి కూడా ఉంది: వాంకూవర్ తన పన్నుకు ముందు 2016లో విద్యుత్ వినియోగపు తీరును బట్టి ఖాళీ ఇళ్ళను అంచనా వేసింది. హైదరాబాదులోనూ ప్రతి ఫ్లాటుకూ వేరు మీటరు, వేరు ఆస్తిపన్ను సంఖ్య ఉన్నాయి కనుక, పేర్లు బయటపడకుండా ఈ రెంటినీ జతచేస్తే నెలవారీగా ఎన్ని ఇళ్ళు మూసి ఉన్నాయో, వాటిలో ఎన్ని సంక్రాంతికి మాత్రమే మూసినవో, ఎన్ని ఏడాది పొడవునా మూసినవో కాలనీల వారీగా తేల్చడం సాధ్యం.